ఎల్‌డీఎల్ మామూలుగానే ఉంది, హెచ్‌ఎస్-సీఆర్‌పీ మాత్రం 3.8. పట్టించుకోవాలా?

మీ నాన్నగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చిందని, మీకు చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ 108 మాత్రమే ఉన్నా హెచ్‌ఎస్-సీఆర్‌పీ 3.8 వచ్చిందని రాశారు. సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రొటీన్. హెచ్‌ఎస్ అంటే దాన్ని కొద్ది మోతాదులో ఉన్నా పట్టే సున్నితమైన పరీక్ష. పట్టించుకోవాలి. అయితే ఈ ఒక్క రిపోర్టుతో ఏ నిర్ణయానికీ రావద్దు. నేను వైద్యుణ్ణి కాను. ఇలాంటి రిపోర్టే చేతిలో పెట్టుకుని కొన్ని వారాలు సరిగా నిద్రపోలేకపోయినవాణ్ణి.

మా అన్నయ్యకు 49వ ఏట గుండెపోటు వచ్చింది. సిగరెట్ అలవాటు లేదు, షుగరు లేదు, కొలెస్ట్రాల్ ఎప్పుడు చూసినా హద్దులోనే ఉండేది. స్టెంటు వేశాక ఆయన అడిగిన మొదటి మాట, "మరి నాకెందుకు వచ్చిందిరా?" జవాబు కోసం వెతుకుతుంటే బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకుడు పాల్ రిడ్కర్ అధ్యయనాలు కనిపించాయి.

1997లో ఆయన బృందం ఒక పని చేసింది. ఆరోగ్యంగా ఉన్న మగ వైద్యుల నుంచి ఏళ్ల ముందే సేకరించి దాచిన రక్తాన్ని తీసి సీఆర్‌పీ కొలిచింది. అది బాగా ఎక్కువగా ఉన్న నాలుగో వంతు మందికి, బాగా తక్కువగా ఉన్నవారితో పోలిస్తే, గుండెపోటు ముప్పు దాదాపు మూడు రెట్లు, పక్షవాతం ముప్పు రెండు రెట్లు ఉన్నట్లు తేలింది. అంటే జబ్బు బయటపడడానికి ఏళ్ల ముందే రక్తంలో వాపు జాడ ఉంది. ధమని గోడలో కొలెస్ట్రాల్ చేరితే తెల్లరక్తకణాలు దాని మీదికి వస్తాయి. అవి విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్లు అనే రసాయన సంకేతాల ప్రభావంతో కాలేయం సీఆర్‌పీని తయారుచేస్తుంది. ఆ పోరు ఆగకపోతే పూడిక పైపొర పలచబడి, ఒకరోజు చిట్లి, అక్కడే రక్తం గడ్డకడుతుంది. సీఆర్‌పీ స్వయంగా హాని చేయదని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి. అసలు సంగతి దాని వెనక నడిచే వాపు.

2008లో రిడ్కర్ బృందమే చేసిన జూపిటర్ అనే ప్రయోగం వచ్చింది. ఎల్‌డీఎల్ 130 లోపు, సీఆర్‌పీ 2 లేదా అంతకు మించి ఉన్న 17,802 మందిలో కొందరికి రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ మందు, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇస్తే, మందు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి 44 శాతం తగ్గాయి. కానీ స్టాటిన్ కొలెస్ట్రాల్‌నూ తగ్గిస్తుంది కాబట్టి మేలు దేనివల్ల అన్న సందేహం మిగిలింది. దాన్ని తీర్చింది 2017లో వచ్చిన ఆయన మరో ప్రయోగం, కాంటోస్. అప్పటికే గుండెపోటు వచ్చిన 10,061 మందిలో కొలెస్ట్రాల్‌ను కదిలించకుండా వాపును మాత్రమే తగ్గించే కానకినుమాబ్ అనే మందును పరీక్షిస్తే ముప్పు 15 శాతం తగ్గింది. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కొద్దిగా పెరిగాయన్నదీ దాచలేదు. మరుసటి ఏడాది, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ అనే వాపు మందు ఈ విషయంలో పనిచేయలేదని రిడ్కరే ప్రకటించారు. తన ఆలోచనకు అనుకూలించని ఫలితాన్ని అంత సూటిగా చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇక నా సంగతి. మొదటిసారి నాకు 6.4 వచ్చింది. డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి, "ఈమధ్య జ్వరం వచ్చిందా? చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా?" అని అడిగారు. రెండూ నిజమే. పది రోజుల కిందటే వైరల్ జ్వరం తగ్గింది. మూడు వారాలు ఆగి, పళ్ల వైద్యం చేయించుకుని మళ్లీ వెళితే ఆ ల్యాబు వారు మామూలు సీఆర్‌పీ చేసి "6 కంటే తక్కువ" అని ఇచ్చారు. అది ఇందుకు పనికిరాదు. చీటీ మీద హెచ్‌ఎస్ అని స్పష్టంగా రాయించుకోండి, కొలత లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉందో లేదో చూసుకోండి. మూడోసారి 2.7 వచ్చింది. ఒకటి లోపు తక్కువ ముప్పు, మూడు దాటితే ఎక్కువ, పది దాటితే ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతుకుతారు.

అన్నయ్య చరిత్ర, నా పొట్ట కొలత చూసి డాక్టరుగారు చిన్న మోతాదు స్టాటిన్ మొదలుపెట్టారు. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు కూడా వాపు సంకేతాలు పంపుతుందని ఆయన చెప్పాకే నేను నడక మానడం మానేశాను. ఏడాదిలో సీఆర్‌పీ 1.3కు దిగింది.

మీరు ఒంట్లో బాగున్నప్పుడు, కనీసం రెండు వారాల ఎడంతో మళ్లీ చేయించుకోండి. దాంతోపాటు రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే, వంశపారంపర్యంగా వచ్చే లైపోప్రొటీన్(ఎ) కూడా ఒకసారి చూపించుకోండి. 2024లో రిడ్కర్ బృందం 27,939 మంది మహిళలను 30 ఏళ్లు గమనించి ప్రచురించిన అధ్యయనంలో ఎల్‌డీఎల్, సీఆర్‌పీ, ఈ లైపోప్రొటీన్ మూడూ దేనికది ముప్పును ముందే చెప్పగలిగాయి. గౌట్‌కు వాడే కాల్చిసిన్ అనే వాపు మందు గురించి ఎక్కడైనా చదివి మందుల దుకాణంలో సొంతంగా కొనుక్కోవద్దు. మూత్రపిండాలు సరిగా లేనివారికి అది ప్రమాదం. డాక్టరును కలిసినప్పుడు 3.8 కంటే ముందు మీ నాన్నగారి 52 ఏళ్ల సంగతి చెప్పండి.