మెట్టకీ పల్లానికీ ఒకటే చెరకు రకం వేయవచ్చా?

మీకు మూడెకరాల మెట్ట, రెండెకరాల పల్లం ఉన్నాయనీ, రెండిట్లోనూ ఒకటే రకం వేయాలనీ, యూపీలో విరగపండిన కో 0238 అనే రకం విత్తనం తెప్పించుకోవచ్చా అనీ అడిగారు. మాది అనకాపల్లి వైపు, ఇరవై రెండేళ్లుగా చెరకు వేస్తున్నాను, సగం ఫ్యాక్టరీకి తోలి సగం బెల్లం వండుతాను. తెప్పించకండి.

అది మంచి రకమే, కాదనను. కోయంబత్తూరు చెరకు సంస్థ వాళ్ల కర్నాల్ కేంద్రంలో తయారై 2009లో విడుదలైంది, అదీ పంజాబ్, హర్యానా, పశ్చిమ యూపీ లాంటి చోట్లకి. టన్నులూ పంచదారా రెండూ బాగా రావడంతో యూపీ చెరకు తోటల్లో 80 శాతానికి పైగా అదే అయిపోయింది. తర్వాత ఎర్రకుళ్ళు తెగులు పట్టింది, ఇప్పుడు అక్కడి రైతులే దాన్ని వదిలించుకుంటున్నారు.

ఎర్రకుళ్ళు నా పొలంలోనూ చూశాను. పన్నెండేళ్ల కింద ఎవరో చెప్పారని వేరే జిల్లా నుంచి ఒక లోడు విత్తనం తెచ్చి వేశాను. ఆగస్టు దాకా తోట చూడముచ్చటగా ఉంది. ఆ తర్వాత పైనుంచి మూడో ఆకు, నాలుగో ఆకు పసుపు తిరగడం మొదలైంది. అనుమానం వచ్చి ఒక గడని నిలువునా చీల్చాను, లోపలంతా ఎరుపు, ఆ ఎరుపులో అడ్డంగా తెల్లటి మచ్చలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిపోయిన కల్లు వాసన. ఎకరం తోట పీకి తగలబెట్టాం, మా నాన్న ఆ రోజు అన్నం తినలేదు.

అప్పటినుంచి రకం గురించి ఎవరు చెప్పినా ఎకరానికి ఎన్ని టన్నులు వచ్చిందని అడగను, వానలు లేని ఏడాది ఎంత వచ్చింది, కార్శిలో (నరికాక అవే దుబ్బుల నుంచి మళ్లీ వచ్చే పంటలో) ఎంత వచ్చింది అని అడుగుతాను. నా మెట్టలోనే రెండు రకాలు పక్కపక్కన వేశాను. ఒకటి మంచి ఏడాది 45 టన్నులిచ్చి, ఎండ కాసిన ఏడాది 22కి పడిపోయింది. రెండోది మన అనకాపల్లి పరిశోధనా కేంద్రం వాళ్ల 87ఏ298, నా దగ్గర ఎప్పుడూ 40 దాటలేదు గానీ 30కి తగ్గిందీ లేదు. అప్పులు కట్టుకోవాల్సిన వాడికి ఏది కావాలో మీరే ఆలోచించండి. (పేరులోని అక్షరం చూస్తే ఆ రకం ఏ పరిశోధనా సంస్థదో తెలుస్తుంది, ఏ అంటే అనకాపల్లి, వి అంటే వుయ్యూరు, ఆర్ అంటే రుద్రూరు, కో అంటే కోయంబత్తూరు.)

ఇక మెట్టకీ పల్లానికీ కష్టం వచ్చే కాలమే వేరు. మెట్టలో ఫిబ్రవరిలో ముచ్చె (విత్తనానికి కోసిన గడ ముక్క) పాతితే జూన్ దాకా నీటి కరువు, పిలకలు వేసే టైమూ అదే, దానికి తోడు మొవ్వు తొలిచి ఎండబెట్టే పీక పురుగు. పల్లంలో అప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు, అక్టోబరు తుపానుకి మోకాల్లోతు నీళ్లు నిలిచినప్పుడు మొదలవుతుంది: కణుపుల దగ్గర గడ్డంలా వేర్లు దిగుతాయి, గడ ఎదగదు, రసం పలచనైపోతుంది, ఆ రసంతో వండితే బెల్లం నల్లగా వచ్చి మార్కెట్‌లో రేటు పలకదు. ఈ రెండిటినీ సమానంగా తట్టుకున్న రకం నా పొలంలో నాకు కనపడలేదండీ. అందుకే రెండు రకాలు వేస్తున్నాను. ఒకదానికి తెగులొచ్చినా రెండోది మిగులుతుందన్న ధైర్యం కూడా ఉంటుంది.

మీరు కూడా ఈ ఏడాది మూడు రకాలు తీసుకుని మెట్టలో ఐదేసి సాళ్లు, పల్లంలో ఐదేసి సాళ్లు వేసి చూడండి, మిగతా పొలంలో పాత రకమే ఉంచండి. నరికినప్పుడు దేని తూకం దానికి విడిగా వేయించండి, వీలైతే ఒక పెనం బెల్లం విడిగా వండి చూడండి. మొక్కతోట (ముచ్చెలు పాతిన మొదటి ఏడాది పంట) ఒక్కటే చూసి తేల్చేయకండి. శాస్త్రవేత్తలు కూడా కొత్త రకాన్ని చాలా చోట్ల వేసి, రెండు మొక్కతోటలు, ఒక కార్శి చూశాకే విడుదలకి పంపుతారు. కార్శిలో సాలు వెంట నడుస్తూ ఎన్ని దుబ్బులు చచ్చి ఖాళీలు పడ్డాయో లెక్కపెట్టండి, చాలా సంగతులు అక్కడే బయటపడతాయి.

విత్తనం మాత్రం ఆరేడు నెలల తోట నుంచే తీసుకోండి, ముచ్చెలు కొట్టేటప్పుడు కోసిన చోట ఏమాత్రం ఎరుపు కనపడినా ఆ గడ మొత్తం పక్కన పడేయండి.

మీ పల్లంలో తుపానుకి నీళ్లు ఎన్ని రోజులు నిలుస్తాయో, మెట్టకి బోరు ఉందో లేదో రాయండి, ఏ మూడు రకాలు వేసి చూడాలో చెప్తాను.