టీకా దగ్గర మొదలై సారె దగ్గర తేలిన గొడవ

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటాం. మా పాపకి నాలుగో నెల. ఆరో వారంలో టీకా వేయించిన రాత్రి జ్వరం వచ్చి తెల్లారేదాకా ఏడ్చింది. అప్పట్నుంచి అత్తయ్య ‘ఆ సూది వల్లే పిల్ల నీరసపడింది, ఇక వద్దు’ అంటున్నారు. పదో వారం టీకా తప్పిపోయింది. ఆవిడకి చదువు లేదు, ఆవిడకేం తెలుస్తుంది? మావారు బీటెక్ చదివి కూడా అమ్మ మాటే వింటారు. నేను నోరు తెరిస్తే అత్తయ్య ‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, మేం పెరగలేదా’ అంటారు. ఆయనేమో ‘అంటే మా అమ్మ పాపకి చెడు చేస్తుందనా?’ అంటారు. మొన్నటి గొడవ చివరికి మా పుట్టింటివాళ్లు బారసాలకి ఏం సారె తెచ్చారన్న దగ్గర తేలింది. వాళ్ల మాటల్లో ఏదో తప్పుందని తెలుస్తుంది, ఎక్కడుందో చెప్పలేను. ఏడుపొచ్చేస్తుంది. నాకు వాదించడం రాదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి చూద్దాం. తప్పిన డోసు కోసం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఆగినచోటి నుంచే వేస్తారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే ఆ పెంటావాలెంట్ సూది కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, ఇంకా పసివాళ్లలో న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ క్రిమి నుంచి కాపాడుతుంది. వేసిన రోజో మర్నాడో జ్వరం రావడం మామూలే. అయినా ఆ రాత్రి ఏం జరిగిందో పిల్లల డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఫిట్స్‌లాగా వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడక ఇబ్బంది పడినా అది మరీ ముఖ్యంగా చెప్పాలి. ఆలస్యం మాత్రం ఇంక చెయ్యకండి.

ఇక మాటల సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాదించడం రాదని మీరనుకుంటున్నారు గానీ, నాకు కనిపించింది వేరు. మీరు ఒకటి అడుగుతున్నారు. జవాబు ఇంకోదానికి వస్తోంది. మీరు మీ ప్రశ్న వదిలేసి దాని వెంట పరిగెడుతున్నారు. ‘రేపు టీకాకి వెళ్దామా’ అన్నది మీ ప్రశ్న. ‘మా అమ్మ చెడు చేస్తుందనా’ అని ఆయన అనగానే మీరు అత్తగారి గురించి సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెట్టి ఉంటారు. అక్కడి నుంచి సారె దాకా ఎంత దూరమని?

ఇలా అనని మాటను అన్నట్టు తిప్పడానికి మన పాత తర్కశాస్త్రంలో ఛలం అని పేరుంది. ఎవరో కుర్రాడు కొత్త కంబళి కప్పుకొచ్చాడు. వాణ్ణి చూసి ఒకాయన ‘నవకంబళుడు’ అన్నాడు. నవ అంటే కొత్త, నవ అంటే తొమ్మిది కూడా. పక్కవాడు పట్టుకున్నాడు: ‘వీడికి తొమ్మిది కంబళ్లెక్కడివి, ఉన్నది ఒకటేగా!’ మొదటాయన ఇప్పుడు తొమ్మిది కంబళ్లు చూపించాలని తంటాలు పడితే ఎలా ఉంటుందో, మీరు అత్తగారి మంచితనాన్ని రుజువు చెయ్యబోవడం అలా ఉంటుంది. ‘నేను ఆ మాట అనలేదండీ. అత్తయ్యకి పాపంటే ప్రాణమని నాకు తెలుసు. నేనడిగింది రేపు వెళ్దామా అని’ అనండి. గొంతు పెంచకుండా, మళ్లీ మళ్లీ అదే. మూడోసారికి ఆయన ప్రశ్నను చూడక తప్పదు. మీవారు కావాలని మాట తిప్పుతున్నారని మాత్రం నేననుకోను. తల్లికీ భార్యకీ మధ్య నలిగేవాడికి ముందు తల్లిని కాపాడుకోవాలనే తోస్తుంది.

అత్తగారి మాటలో సగం నిజముంది. ఆ రాత్రి జ్వరం టీకా వల్లే వచ్చి ఉంటుంది. అది ఒప్పుకోండి, ఒప్పుకున్నంత మాత్రాన ఓడిపోయినట్టు కాదు. ఆ తర్వాత వారాల తరబడి పిల్ల నీరసంగా ఉందన్న దాని సంగతే వేరు. కాకి వాలగానే తాటిపండు పడితే కాకే పడగొట్టిందనుకోవడం లాంటిది అది. కాకతాళీయం అన్న మాట అలాగే పుట్టింది. బరువు తూయించండి. నెలనెలా పెరుగుతోందా లేదా అన్నది టీకాల కార్డు మీద అంకెల్లో కనిపిస్తుంది. అత్తగారికి చదివి వినిపించండి. నిజంగానే పెరగకపోతే ఆవిడ కనిపెట్టింది మంచిదైంది, డాక్టరు దానికి కారణం వెతుకుతారు.

‘మా కాలంలో మేం పెరగలేదా’ అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాలి. ఈ మాట ప్రతి ఇంట్లో వింటాం, గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మా అమ్మమ్మను ఎంతమంది పిల్లలని ఎవరడిగినా ‘ఏడుగురు, నలుగురు మిగిలారు’ అనేది. మిగిలారు అన్న ఆ మాట నాకు పెద్దయ్యాకగానీ అర్థం కాలేదు. పెరిగినవాళ్లే కదా ఇవాళ కూర్చుని ‘మేం పెరగలేదా’ అనగలిగేది. మిగతా ముగ్గురూ ఏ వాదనకూ రారు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. ఇదంతా టీకాల వల్లేనంటే నేనూ కాకినీ తాటిపండునూ ముడిపెట్టినట్టే. మంచి నీళ్లు, ఆస్పత్రి కాన్పులు, తల్లుల చదువు, అన్నీ కలిశాయి. పోలియో సంగతి మాత్రం చుక్కల మందుదే. అత్తగారి చిన్నతనంలో కాలు చచ్చుపడిన పిల్లలు ఊళ్లో ఉండే ఉంటారు. సహజ పోలియో వైరస్ చివరి కేసు మన దేశంలో 2011 జనవరిలో వచ్చింది.

పాపకి నూనె రాస్తూ తీరిగ్గా ఉన్నప్పుడు అడగండి: ‘అత్తయ్యా, మీ అమ్మగారికి ఎంతమంది పుట్టారు?’ ఆవిడ నోరు మూయించడానికైతే వద్దు, అది పుండు మీద కారం చల్లడమే. వినడానికైతేనే అడగండి. ఆవిడ ఏ తమ్ముడి గురించో చెప్తే, వెంటనే టీకా మాట ఎత్తకండి. ఆ రోజుకి అది చాలు.

ఇంకొకటి, నొచ్చుకోకండి. ‘ఆవిడకి చదువు లేదు, ఏం తెలుస్తుంది’ అని మీరూ రాశారు. మాటను చూడకుండా మనిషిని చూసి కొట్టెయ్యడం కూడా అదే జాతి తప్పు. మీవారి బీటెక్ ఈ విషయంలో ఆయనకు అక్కరకు రాలేదని మీరే అంటున్నారు. మరి చదువు లేకపోవడం ఆవిడ మాటను తప్పు ఎలా చేస్తుంది? ఈ చిన్నచూపు మీ గొంతులో వినిపిస్తుంటే, ఎంత సరైన మాటైనా ఆవిడ చెవికెక్కదు.

ఇక్కడ నేను చెప్పిన పేర్లేవీ వాళ్ల ముందు వాడకండి. ‘ఇది ఛలం, అది వితండవాదం’ అంటే గొడవ ఇంకో మెట్టెక్కుతుంది. ఆ తర్కశాస్త్రంలో నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనదంటూ ఏ మాటా నిలబెట్టకుండా ఎదుటివాడిది కూల్చడానికే చేసేది వితండం. మీ ఇంట్లో మీకు కావాల్సింది మొదటిదే. మొన్న సారె దగ్గరికి వచ్చేసరికి మీరు ముగ్గురూ రెండోదాంట్లో ఉన్నారు. అలా అనిపించిన క్షణమే ‘ఇప్పుడు వద్దు, పొద్దున మాట్లాడుకుందాం’ అని లేచిపోండి.

బుధ, శనివారాల్లో మీ దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేస్తారు. అత్తగారిని వెంట రమ్మనండి, పాపను ఆవిడనే ఎత్తుకోమనండి. ఆవిడ భయమేమిటో డాక్టరునో నర్సునో ఆవిడనే అడగనివ్వండి. జ్వరం వస్తే ఏ చుక్కలు, పాప బరువుకు ఎన్ని వెయ్యాలో అక్కడే రాయించుకోండి. పోయినసారి తెల్లవార్లూ పాపను భుజాన వేసుకుని తిరిగింది ఎవరో మీరు రాయలేదు. అత్తగారే అయి ఉంటే, అలాంటి ఇంకో రాత్రంటే ఆవిడకి భయంగా ఉండొచ్చు. ఈసారి ఎవరెవరు ఎంతసేపు మేలుకోవాలో ముందే అనుకోండి. మొదటి వంతు మీవారిది.