తెల్లకాగితాలు మిగిలిన బైండు

కాకినాడ

అమ్మాయీ,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. నువ్వు పంపిన నీ నవల మొదటి సంపుటం, రెండో సంపుటంలో ఇప్పటిదాకా వచ్చిన 26 భాగాలు చదవకుండా జవాబు రాయకూడదనుకున్నాను, అందుకే ఆలస్యం. ఇంకో మాట. నన్ను మేడమ్ అనకు. పెద్దమ్మా అను చాలు.

మూడు సంపుటాలని ప్రకటించావు, ఒకటి అచ్చు వేశావు, రెండోది సగంలో ఆగి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు దాన్ని వదిలేస్తే తప్పా అని అడిగావు. ఆ ఒక్క ముక్క అడగడానికి నాలుగు పేజీలు రాశావు. అందులో మూడు పేజీలు క్షమాపణలే.

మీ నాన్నగారు భర్తృహరి పద్యం గుర్తు చేశారట. ‘ఆరంభింపరు నీచమానవులు’ అని. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఆ పద్యాన్ని మా బళ్లోనూ బెత్తం పట్టుకుని మరీ అప్పచెప్పించుకునేవారు. మొదలుపెట్టనివాళ్లు నీచులు, మొదలుపెట్టి వదిలేసేవాళ్లు మధ్యములు, చివరికంటా చేసేవాళ్లు ధీరులు. ఆ లెక్కన నేను రెండుసార్లు మధ్యమురాలిని. అయితే రెండో పాదం ఇంకోసారి చూడు: ‘ఆరంభించి పరిత్యజింతు రురు విఘ్నాయత్తులై మధ్యముల్’. విఘ్నాలకు లొంగి వదిలేసేవాళ్ల గురించి చెబుతున్నాడాయన. చేస్తున్న పనిలోంచి ప్రాణం పోయిందని తెలిసి ఆపినవాడు ఏ కోవలోకి వస్తాడో ఆ పద్యంలో లేదు. కాబట్టి నీకు అడ్డుపడింది విఘ్నమేనా, ఇంకేదైనానా అన్నది ముందు తేలాలి. మిగతాదంతా దాని తర్వాతే.

నా సంగతి చెబుతాను. 1987లో ఒక వారపత్రికలో నా సీరియల్ మొదలైంది. 24 వారాలని మాట. మొదలయ్యేనాటికి నా చేతిలో ఎనిమిది వారాల మేటరు, ఒక పేజీ సారాంశం ఉన్నాయి. మిగతాది వారం వారం రాసి పంపొచ్చులే అని ధీమా. కథ ఒక రైసుమిల్లు చుట్టూ అన్నదమ్ముల తగాదా. నిజానికి అది మా ఇంటి తగాదాయే. మా నాన్న, బాబాయి పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. ఆ కోపంతోనే రాశాను. కలం ఆగేది కాదు. పద్నాలుగో వారం అచ్చయ్యేనాటికి మా నాయనమ్మ పోయింది. పెద్దకర్మ రోజున ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుని భోంచేశారు. మా బాబాయి మా నాన్న విస్తట్లో తనే నెయ్యి వేశాడు. నాకు సంతోషమే, ఏడ్చాను కూడా. కానీ ఆ రాత్రి అరఠావులు ముందేసుకుని కూర్చుంటే, మిల్లు గేటు దగ్గర నిలబెట్టిన నా అన్నదమ్ములిద్దరూ అట్టబొమ్మల్లా కనిపించారు. మూడు వారాలు ఎలాగో లాగాను. పదిహేడో వారంలో తమ్ముణ్ణి జ్వరంతో మంచాన పడేశాను. వాడి చేత ఏం మాట్లాడించాలో తెలియక.

పద్దెనిమిదో వారానికి నాకే కామెర్లు వచ్చాయని ఎడిటరుగారికి అబద్ధం రాశాను. రచయిత్రికి ఒంట్లో బాగాలేదని పత్రికలో చిన్న బాక్సు కట్టి వేశారు. మూడు వారాలు ఆ బాక్సే వచ్చింది. నాలుగో వారం అక్కడ వేరే వాళ్ల సీరియల్ మొదలైంది. నాకు ఉత్తరాలు వచ్చాయి. తిట్లు కాదమ్మా, పథ్యం జాగ్రత్తలు. ఒకావిడ నేలఉసిరి ఎండబెట్టి, పొట్లం కట్టి పార్సెల్ పంపింది. తిట్టినా బాగుండేది.

పదేళ్ల తర్వాత ఒక పెళ్లికి వెళ్లాను. మాకు విడిది ఇచ్చిన ఇంట్లో అల్మారా నిండా బైండు పుస్తకాలు. ఆ రోజుల్లో సీరియల్ పేజీలు చించి దాచుకుని, అయిపోగానే బైండు చేయించుకునేవాళ్లు. మీ అమ్మమ్మగారి దగ్గరా ఉండే ఉంటాయి, అడిగి చూడు. అందులో నాది ఒకటి దొరికింది. పదిహేడు వారాలు, ఆ వెనక పది పన్నెండు తెల్లకాగితాలు. నేనే ఆ రచయిత్రినని ఆ ఇల్లాలికి తెలియదు. ‘మిగతాది ఎప్పుడైనా వేస్తే అతికించుకోవచ్చని తెల్లవి వేయించానండీ’ అంది. నేనేమీ మాట్లాడకుండా చేతిలో ఉన్న లడ్డు తిన్నాను.

ఆ సీరియల్ ఆపేసినందుకు ఇప్పటికీ నాకు విచారం లేదు. రాసి ఉంటే ఆ ఏడు వారాలూ చెత్తగా ఉండేవి. చెప్పకుండా ఆపినందుకు మాత్రం ఆ తెల్లకాగితాలు ఇప్పటికీ కళ్లముందు ఆడతాయి. (రెండోసారి వదిలేసింది డిటెక్టివ్ నవలల వరస. మూడింటితో ఆపాను. డబ్బు కోసం మొదలుపెట్టాను, డబ్బు రాలేదు. దాని గురించి చెప్పుకోడానికి ఇంకేమీ లేదు.)

సరే, నీ దగ్గరికి వద్దాం. ఎందుకు ఆగిపోయావో కారణాలు రాశావు. ఆఫీసులో ప్రాజెక్టు టెన్షన్, చదివేవాళ్ల సంఖ్య సగానికి పడిపోవడం, సంబంధాలు చూస్తున్న ఇంట్లో రాత్రి పదయ్యాక లైటు వేసుకోనివ్వకపోవడం. ఇవన్నీ విఘ్నాలే. వీటివల్ల అయితే వదలొద్దు, ఆపి ఉంచు. ఆరు నెలలు ఆపినా, ఆరేళ్లు ఆపినా కథ ఎక్కడికీ పోదు. కానీ ఇవే అసలు కారణాలని నాకు నమ్మకం కుదరలేదు. ఎందుకంటే మొదటి సంపుటం రాసినప్పుడూ నీకు ఆ ఉద్యోగమే ఉంది, ఆ ఇల్లే ఉంది.

మొదటి సంపుటం గురించి చెప్పనీ. కాకతీయుల కాలంలో చెరువు తవ్వే కుటుంబం. కట్ట రెండుసార్లు తెగుతుంది, మూడోసారి నిలుస్తుంది. మొదటి వానకు చెరువు నిండాక పొలాలకు నీళ్లు వదిలే ఆ కుంటి నీరటి ముసలమ్మ తూము తెరిచి, కాలువ వెంట నీళ్లతో పాటు నడవలేక, ఒక్కతే కట్ట మీద కూర్చుండిపోతుంది. అక్కడ పుస్తకం మూసి వరండాలోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. ఈ మధ్య అలా నిలబెట్టిన పుస్తకాలు నాకు తక్కువ.

ఇక రెండో సంపుటం. మనవడు సైన్యంలో చేరాడు. దేవగిరి యాదవులతో యుద్ధం. ఏనుగులు, గుర్రాలు, గూఢచారులు. రుద్రమదేవి కొలువులో ఎవరు నోరు తెరిచినా కలెక్టరాఫీసు మీటింగులా ఉంది. నీకు యుద్ధం మీద ఆసక్తి లేదమ్మా. నీకు మట్టి మీద, నీళ్ల మీద ఆసక్తి. ఆ 26 భాగాల్లో ప్రాణమున్న పేజీలు రెండు చోట్లే దొరికాయి నాకు. రెండుచోట్లా మనవడు సెలవు మీద ఊరికి వచ్చి చెరువు చూస్తాడు. నీ కథ మొదటి సంపుటంతోనే అయిపోయిందని నాకు అనిపిస్తోంది. ఇప్పుడు సినిమాలైనా పుస్తకాలైనా భాగాలు భాగాలుగా వస్తున్నాయి కాబట్టి నువ్వూ మూడు అన్నావు. కట్ట నిలిచిందో లేదోనన్నది నీ ప్రశ్న. నిలిచింది. ఆ తర్వాత నీకు తెలుసుకోవాల్సింది మిగల్లేదు. పాఠకుడి కంటే ముందు నీకే మిగల్లేదు.

నా మాట నమ్మకు, పరీక్ష చేసుకో. రెండో సంపుటం చివరి ఘట్టం ఈ శనివారం రాత్రి రాసి చూడు. మధ్యలో ఏం జరిగిందో తెలియకపోయినా ఫరవాలేదు. రాస్తున్నంతసేపూ ఫోన్ చూసుకోవాలని గానీ, లేచి నీళ్లు తాగాలని గానీ అనిపించకపోతే కథ బతికే ఉన్నట్టు. నేను చెప్పినదంతా కొట్టిపారేసి రాసుకో. లేదంటే నీకే తెలుస్తుంది.

‘ఇంత రాశాక ఎలా వదలను పెద్దమ్మా’ అంటావు. లక్షా పదివేల మాటలని లెక్క కూడా చెప్పావు. గోడకు వేసిన సున్నం తిరిగి రాదు. ఇంకో రెండేళ్లు దాని మీదే పెడితే అదీ ఆ గోడకే పోతుంది. గురజాడ వారు కొండుభట్టీయం, బిల్హణీయం రెండు నాటకాలూ పూర్తి చేయలేదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని మాత్రం మళ్లీ పట్టుకుని, దాదాపు కొత్త నాటకంగా తిరగరాసి 1909లో వేశారు. మనం ఇవాళ చదువుకుంటున్నది ఆ రెండోదే. పూర్తి కాని ఆ రెండింటి వల్ల ఆయన పేరుకు వచ్చిన లోటు నాకైతే కనిపించలేదు.

మహాభారతమే మధ్యలో ఆగింది కదా అని సరదాగా ఒక మాట రాశావు. నిజమే, నన్నయ అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయాడు. ఆ మిగిలిన ముక్కను మూడు వందల ఏళ్ల తర్వాత ఎర్రన అందుకుని శరత్కాలపు ఉదయంతో మొదలుపెట్టాడు. రాత్రి దగ్గర ఒకరు ఆగితే తెల్లవారుజామున ఇంకొకరు ఎత్తుకున్నారు, ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ నీకోసం ఎర్రన వస్తాడని కూర్చోకు. నువ్వు చూడాల్సింది తిక్కనను. ఆయన నన్నయ ఆగిన చోట మొదలుపెట్టలేదు. ఆ ఖాళీని అలాగే వదిలి, విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు రాశాడు. ఎందుకన్నదానికి పండితులు రకరకాల కారణాలు చెబుతారు, అవి మనకొద్దు. మధ్యలో ఒక ముక్క వదిలి ముందుకు వెళ్లొచ్చని ఆయన చేసి చూపించాడు. నీ మూడో సంపుటంలో నిజంగా నీకు రాయాలని ఉన్నది ఏదైనా ఉంటే, రెండోదాన్ని దాటేసి దానికే వెళ్లు. నీ ఉత్తరంలో మూడో సంపుటం గురించి ఒక్క వాక్యం కూడా లేదు, అందుకే అడుగుతున్నాను.

శత్రువుల దాడిలో అందరినీ చంపేసి రెండు భాగాల్లో ముగించనా అన్నావు చూడు, ఆ పని మాత్రం చేయకు. షెర్లాక్ హోమ్స్ మీద విసుగెత్తి కోనన్ డాయల్ 1893లో అతన్ని జలపాతంలోకి తోసేశాడు. పదేళ్లకు, 1903లో, తనే మళ్లీ బతికించాల్సి వచ్చింది. మనల్ని ఎవరూ అంత బతిమాలరనుకో. అయినా పాత్రల మీద విసుగుతో వాళ్లను చంపితే, అది వాళ్ల చావు కాదు నీ విసుగు అని చదివేవాళ్లకు రెండు వాక్యాల్లో తెలిసిపోతుంది. నా సీరియల్లో తమ్ముడి జ్వరం లాగే.

వదిలేయాలని తేలితే చేయాల్సినవి చెబుతాను. రెండో సంపుటానికి ముందుగా డబ్బు కట్టినవాళ్లు 43 మంది ఉన్నారని రాశావు. మొదట వాళ్ల డబ్బు వాళ్లకు పంపు. ‘బదులుగా వేరే పుస్తకం ఇస్తాను’ అనే బేరం పెట్టకు. తర్వాత పాఠకులకు నాలుగు వాక్యాలు రాయి: ఈ కథ ఇక్కడితో ఆపుతున్నాను, మొదటి సంపుటం దానంతట అది పూర్తి పుస్తకం, రెండోది ఇక రాదు, ఇన్నాళ్లు ఎదురుచూసినందుకు కృతజ్ఞతలు. అంతే. ఆరోగ్యం బాగాలేదని గానీ, ‘ప్రస్తుతానికి విరామం’ అని గానీ రాయకు. విరామం అన్నావంటే మళ్లీ బైండులో తెల్లకాగితాలు వేయించినట్టే. తర్వాత ఏం జరుగుతుందో చెప్పమని ఎవరైనా అడిగితే, నీకు తెలిసినంత చెప్పు. అడగనివాళ్లకు చెప్పకు. కొందరు తిడతారు. ఒకరిద్దరు చాలా గట్టిగా తిడతారు. వాళ్లే అందరికంటే శ్రద్ధగా చదివినవాళ్లు కాబట్టి తిరిగి మాట అనకు.

మొదటి సంపుటం అట్ట మీద ‘మొదటి భాగం’ అన్న మాట మలి ముద్రణలో తీసేయి.

ఇంకెప్పుడైనా వరసగా రాయాలనిపిస్తే చందమామలో బేతాళ కథలు గుర్తు తెచ్చుకో. పట్టువదలని విక్రమార్కుడు అని మనం పట్టుదలకు ఆయన్ని ఉదాహరణగా చెబుతాం గానీ, రాసేవాళ్లు చూడాల్సింది బేతాళుణ్ణి. శవం ప్రతి నెలా చెట్టెక్కేసేది. రాజు పని ఎన్నాళ్లకూ తెమిలేది కాదు. పాత కథలు అయిపోయినా కొత్తవి అల్లి దశాబ్దాల పాటు నడిపారు. కానీ ఏ నెల కథ ఆ నెలలో పూర్తయ్యేది. ఏ సంచికతో చదవడం మానేసినా పిల్లలకు బాకీ పడ్డది ఏమీ లేదు. నేను ఆ మిల్లు సీరియల్ తర్వాత, చివరి అధ్యాయం చేతిలో లేకుండా ఏ పత్రికకూ మొదటి అధ్యాయం ఇవ్వలేదు. దానివల్ల రెండు మంచి అవకాశాలు పోయాయి కూడా. పోనీ.

ఉత్తరం చివర, అపార్ట్‌మెంటులో నీళ్ల ట్యాంకర్ల లెక్క రాసే వాచ్‌మన్ భార్య గురించి ఏదో కొత్త కథ అనుకుంటున్నానని ఐదు లైన్లు రాశావు. ఆ ఐదు లైన్లలో ఒక్క క్షమాపణ కూడా లేదు, గమనించావా? ఆవిడ నాకు మీ నీరటి ముసలమ్మ చెల్లెలిలా అనిపించింది.

వచ్చే నెల పదో తారీఖున నాకు కంటి ఆపరేషన్. తర్వాత కొన్నాళ్లు చదవనివ్వరట. ఆ కథ ఎన్ని పేజీలైతే అన్ని, ఈలోపే పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తీయించు.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ పెద్దమ్మ