చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు డెస్క్‌టాప్ ఎలా కొనాలి?

"కొత్తగా వచ్చాను. అద్దె, అడ్వాన్సు కట్టాక చేతిలో మిగిలింది కొంచెమే. చదువుకీ, ఉద్యోగ ప్రయత్నాలకీ ఒక డెస్క్‌టాప్ కావాలి. ఏది కొనమంటారు?" చదువు కోసం ఊరో దేశమో మారి కొత్తగా వచ్చిన పిల్లలు ఏటా నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. ఏదో ఒక మోడల్ పేరు చెబితే చాలనుకుంటారు. నేను మాత్రం ముందు వాళ్లనే రెండు ప్రశ్నలు అడుగుతాను: ఇప్పుడున్న గదిలో ఎన్నాళ్లుంటారు? వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్ పనిచేస్తోందా?

ల్యాప్‌టాప్ బాగానే ఉంటే, మరో ఆరు నెలల్లో ఊరు మారే అవకాశం కూడా ఉంటే, కంప్యూటర్ కొనకండి. 24 అంగుళాల మానిటర్, ఒక కీబోర్డు, మౌస్ కొని ల్యాప్‌టాప్‌కు తగిలించండి. మీ డెస్క్‌టాప్ అదే. తర్వాత సీపీయూ (కంప్యూటర్ పెట్టె) కొన్నప్పుడు ఆ మానిటర్ దానికీ పనికొస్తుంది కాబట్టి ఆ ఖర్చు వృథా కాదు.

అలా కుదరని వాళ్ల కోసమే మిగతాదంతా రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్లకు డబ్బు ఒక్కసారిగా రాదు, నెలనెలా కొంచెం కొంచెం సమకూరుతుంది. డెస్క్‌టాప్‌ను కూడా అలాగే కూర్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌తో పోలిస్తే దీనికున్న పెద్ద సౌకర్యం అదే. అందుకని తర్వాత తేలిగ్గా మార్చలేని వాటి మీద ముందు ఖర్చు పెట్టండి. ప్రాసెసర్ (కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్) తరం, మదర్‌బోర్డు (అన్ని భాగాలూ తగిలే ప్రధాన బోర్డు), క్యాబినెట్ (బయటి పెట్టె) సైజు, పవర్ సప్లై (లోపలి భాగాలకు కరెంటు అందించేది) అలాంటివి. ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్క్), గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మ చూపించే భాగం), వెబ్‌క్యామ్, స్పీకర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

నేను వచ్చిన కొత్తలో దీనికి తలకిందులుగా చేశాను. ఒక దుకాణంలో "ఐ7" స్టిక్కర్ (ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ పేరు) చూసి, ఐ7 అంటే ఐ5 కంటే మంచిదే కదా అనుకుని, ఉన్న డబ్బంతా పెట్టి కొనేశాను. ఇంటికొచ్చి ఆన్ చేస్తే డెస్క్‌టాప్ తెర కనిపించడానికే నాలుగైదు నిమిషాలు పట్టింది. చాలా పాత తరం ప్రాసెసర్, పాత హార్డ్ డిస్క్. వెనక్కి తీసుకోమని అడిగితే గడువు దాటిందన్నారు. ఆ నెలంతా పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఇంకెవరికీ అలా జరగకూడదు.

కాబట్టి స్టిక్కర్ మీద ఐ3, ఐ5, ఐ7 అని ఉంటే సరిపోదు, పక్కన ఉన్న అంకె చదవండి. ఐ7-2600 అంటే రెండో తరం, 2011 నాటిది. ఐ3-12100 అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. రెండింటిలోనూ నాలుగు కోర్లు (పని చేసే విడి భాగాలు), ఎనిమిది థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరసలు). అయినా ఆ "చిన్న" ఐ3 ఆ "పెద్ద" ఐ7 కంటే చాలా వేగంగా పనిచేస్తుంది, కరెంటు కూడా తక్కువ తీసుకుంటుంది. నాలుగంకెల నంబరైతే మొదటి అంకె తరం. ఐదంకెలైతే మొదటి రెండూ కలిపి తరం. చివర అక్షరం ఉంటే అదీ చూడండి. ఇంటెల్‌లో "ఎఫ్" అని ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండవు, విడిగా కార్డు కొంటే తప్ప తెర మీద బొమ్మ రాదు. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీలో కూడా ఇలాంటి తేడా ఉంది: రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ ఉన్నాయి, రైజెన్ 5 5600లో లేవు. తక్కువ బడ్జెట్‌లో ఆ ఒక్క అక్షరం గ్రాఫిక్స్ కార్డు ఖర్చు మొత్తం మిగులుస్తుంది.

ఏ తరం నుంచి కొనాలి? ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కంటే కిందకు దిగకండి. దీనికి రెండు కారణాలు. డెస్క్‌టాప్ ఐ5లో ఏడో తరం దాకా నాలుగు కోర్లే ఉండేవి, ఎనిమిదో తరం నుంచి ఆరయ్యాయి. రెండోది ఇంకా ముఖ్యం: విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే నడుస్తుంది, అంతకు ముందువాటిలో మినహాయింపు ఏ ఒకటి రెండింటికో. టీపీఎమ్ 2.0 (రహస్య కీలను భద్రపరిచే చిప్) కూడా ఉండాలి. ఏఎండీ అయితే రైజెన్ 3000 సిరీస్ నుంచి చూసుకుంటే చీకూచింతా ఉండదు. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో ఆఫీసులు ఏడో తరం, అంతకంటే పాత మిషన్లను వదిలించుకుంటున్నాయి, అవి చాలా చవగ్గా దొరుకుతున్నాయి. చవకని ఆశపడితే మీ బ్యాంకు లావాదేవీలు, వీసా కాగితాలు అన్నీ సెక్యూరిటీ అప్‌డేట్లు రాని కంప్యూటర్‌లో పెట్టుకోవాల్సి వస్తుంది. విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని వాడగలిగేవాళ్లకు మాత్రం ఆ పాత మిషన్లు నిజంగానే మంచి బేరం. అయితే మీ కాలేజీ పరీక్షల సాఫ్ట్‌వేర్ లైనక్స్ మీద నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి.

కొత్తదా, రీఫర్బిష్డా (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేదా) అని అడిగితే, ఈ బడ్జెట్‌లో నేను రీఫర్బిష్డ్ వైపే మొగ్గుతాను. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి ఆఫీసుల కోసం తయారైనవి. లీజు పూర్తయ్యాక బయటికొస్తాయి. గట్టిగా ఉంటాయి, మూత తేలిగ్గా తెరుచుకుంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. అదే ధరకు వచ్చే కొత్త మిషన్లలో ఎక్కువ భాగం సెలెరాన్ రకం బలహీనమైన ప్రాసెసర్, కొద్దిపాటి ర్యామ్‌తో (పని చేసేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ) ఉంటాయి. ఇంటెల్ ఎన్100 అనే చిన్న ప్రాసెసర్‌తో వచ్చే బుల్లి పీసీలు బ్రౌజింగ్‌కీ, వీడియో కాల్స్‌కీ సరిపోతాయి, కరెంటు ఖర్చూ తక్కువే. కానీ ప్రోగ్రామింగ్ చదివేవాళ్లకు, వర్చువల్ మిషన్లు (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్లు) నడిపేవాళ్లకు అవి చాలవు.

ఆఫీసు మిషన్లు మూడు సైజుల్లో వస్తాయి. సైజు విషయంలో తొందరపడొద్దు, ఎందుకంటే అది తర్వాత మార్చలేనిది. పుస్తకమంత ఉండే బుల్లి రకం ఇల్లు మారేటప్పుడు బ్యాగులో పట్టేస్తుంది. దానికి ల్యాప్‌టాప్ ర్యామే పడుతుంది, మామూలు గ్రాఫిక్స్ కార్డు పట్టదు. మధ్య రకం, అంటే స్మాల్ ఫార్మ్ ఫ్యాక్టర్‌లో పొట్టి కార్డులే పడతాయి. దాని పవర్ సప్లై కూడా ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, పాడైతే బయట దొరికే మామూలుది సరిపోదు. ఎప్పటికైనా గేమ్స్ ఆడతాను, వీడియో ఎడిటింగ్ చేస్తాను అనుకుంటే టవర్ తీసుకోండి, టేబుల్ కింద కాస్త చోటు పోయినా ఫరవాలేదు. అక్కడ కూడా పవర్ సప్లై ఎన్ని వాట్లో చూడండి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లే. అంతకు మించి తీసుకునే కార్డుకు పవర్ సప్లై నుంచి విడిగా వైరు ఉండాలి, ఆఫీసు మిషన్లలో చాలాసార్లు అది ఉండదు. తెరా, కంప్యూటరూ ఒకటిగా ఉండే ఆల్ ఇన్ వన్ మాత్రం వద్దు. తెర పోయినా, మదర్‌బోర్డు పోయినా మొత్తం పోయినట్టే.

ఎస్ఎస్‌డీ లేని కంప్యూటర్ కొనొద్దు. 256 జీబీ అయినా సరే, విండోస్ ఎస్ఎస్‌డీ మీదే ఉండాలి. పాత హార్డ్ డిస్క్ సెకనుకు 150 మెగాబైట్ల దరిదాపుల్లో చదువుతుంది, మామూలు రకమైన సాటా ఎస్ఎస్‌డీ 500 పైనే. చిన్న చిన్న ఫైళ్లు తెరిచేటప్పుడు తేడా ఇంకా ఎక్కువ. ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్ఎస్‌డీ ఇంకా వేగం, కానీ రోజువారీ పనుల్లో సాటాకీ దానికీ పెద్ద తేడా తెలియదు. దానికోసం అదనంగా పెట్టక్కర్లేదు.

ర్యామ్ విషయంలో నా సలహా ఈమధ్యే మారింది. ఇదివరకు 8 జీబీతో కొని తర్వాత పెంచుకోమనేవాణ్ణి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇప్పుడైతే 16 జీబీతో వచ్చే మిషన్‌కు ధరలో తేడా కొద్దిగానే ఉంటే అప్పుడే తీసుకోండి. తప్పనిసరై 8తో కొంటే అది ఒకే స్టిక్‌గా, పక్క స్లాట్ ఖాళీగా ఉండేలా చూసుకోండి. రెండే స్లాట్లున్న బోర్డులో రెండు 4లు ఉంటే పెంచేటప్పుడు రెండూ తీసేయాలి.

సీపీయూ మీదే డబ్బంతా పెట్టి, ఇంటికొచ్చాక వైఫై లేదని తల పట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఆఫీసు మిషన్లలో చాలావాటికి వైఫై ఉండదు, అక్కడ కేబుల్ పెడతారు. పంచుకున్న ఇంట్లో మీ గదికి, రౌటర్‌కు మధ్య రెండు గోడలుంటాయి. యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. వెబ్‌క్యామ్, మైక్ కూడా అంతే. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో ఉన్న రోజు పొద్దున గుర్తొస్తే లాభం లేదు. ఈ మిషన్ల వెనక మానిటర్ తగిలించడానికి చాలాసార్లు హెచ్‌డీఎంఐ కాకుండా డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది: కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ. మానిటర్ మాత్రం కళ్లకు సంబంధించింది. ఐపీఎస్ రకం (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర), 1920×1080 రిజల్యూషన్ ఉంటే చాలు. వాడినదైనా ఫరవాలేదు, కానీ వెలిగించి చూశాకే కొనండి.

దేశం మారినవాళ్లు వోల్టేజీ సంగతి మరిచిపోకూడదు. కొన్ని దేశాల్లో 110–120 వోల్టులు, మిగతా చాలాచోట్ల 220–240. పవర్ సప్లై లేబుల్ మీద "100–240" అని ఉంటే ఎక్కడైనా నడుస్తుంది, ప్లగ్గు మారిస్తే చాలు. వెనక 115/230 అని చిన్న స్విచ్ ఉంటే మాత్రం జాగ్రత్త. 115 దగ్గర ఉంచి 230లో పెడితే ఆ క్షణమే కాలిపోతుంది. ఒక దేశం నుంచి మరో దేశానికి మారేటప్పుడు కంప్యూటర్ తీసుకెళ్లేవాళ్లు ఈ ఒక్కటీ తప్పకుండా చూడాలి.

వాయిదాల మీద కొనడం తొలి ఏడాది వద్దు. అద్దె, ఫీజులు ఎప్పుడు ఎటు నుంచి వచ్చి పడతాయో ఇంకా మీకు అంచనా రాలేదు.

మిషన్ ఇంటికొచ్చిన రోజే కూర్చుని అన్నీ చూసేయండి. విండోస్ యాక్టివేట్ అయ్యిందా, బయోస్‌కు (ఆన్ చేయగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) పాత ఆఫీసు పాస్‌వర్డ్ ఉందా, అన్ని యూఎస్‌బీ పోర్టులూ పనిచేస్తున్నాయా, ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచింది. చివరిది క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చూపిస్తుంది. అమ్మినవాళ్లు పెట్టిన విండోస్ తీసేసి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దింపుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. లైసెన్సు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటే ఇంటర్నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. కాకపోతే అమ్మినవాళ్లను అడగండి, చవక కీలు అమ్మే సైట్ల జోలికి పోవద్దు. ఆఫీస్ కోసం కాలేజీ ఉచితంగా ఇస్తుందేమో కనుక్కోండి, లేదంటే లిబ్రే ఆఫీస్ ఉంది. భాషల సెట్టింగుల్లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా అప్పుడే పెట్టుకోండి. ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది, ఇంట్లోవాళ్లకు రాయడానికి హాయిగా ఉంటుంది.

ఇవన్నీ చేసే ముందే వెనక్కి ఇచ్చే గడువు ఎప్పటిదాకా ఉందో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, బిల్లు ఫొటో తీసి దాచండి. అట్టపెట్టెను కూడా ఆ తేదీ దాకా పారేయకండి.