మంచం పట్టిన తల్లి ఖాతాను కొడుకు ఏ అధికారంతో నడపాలి?

ప్రశ్న: మాది రేణిగుంట. మా అమ్మకు 82 ఏళ్లు. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి మంచం దిగలేకపోతోంది. నాన్న రైల్వేలో రిటైరై, తర్వాత కాలం చేశారు. ఆయన తాలూకు ఫ్యామిలీ పింఛను అమ్మ ఖాతాలో పడుతుంది. ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంటుంది. నేనే డబ్బు తీసి మందులకు, ఆయమ్మ జీతానికి ఖర్చు పెడుతున్నాను. కార్డు గడువు దగ్గర పడిందని బ్యాంకుకు వెళితే అమ్మను తీసుకురమ్మన్నారు. చిత్తూరులో ఉన్న మా అక్క లెక్కలు అడుగుతోంది. ఈ మధ్య అమ్మకు అప్పుడప్పుడు మతిమరుపు కూడా వస్తోంది. జి.పి.ఏ. (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వ్యవహారాలు నడపమని ఇచ్చే అధికార పత్రం) రాయించుకుంటే సరిపోతుందా?

జవాబు: మీరు ఉత్తరం చివర్లో ఒక్క మాటగా రాసిన మతిమరుపు సంగతే ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది. ఖాతా మీ అమ్మగారిది, అందులోని ప్రతి రూపాయీ ఆమెదే. ఆమె తరఫున మీరు ఏం చేసినా అది ఆమె తెలిసి ఇచ్చిన అధికారంతో చేయాలి. ఆ అధికారం ఇవ్వగల స్థితిలో ఆమె ఉన్నప్పుడే కాగితాలు పూర్తి కావాలి కాబట్టి, పండగ పోయాక చూద్దాం, అక్క వచ్చాక చూద్దాం అని వాయిదా వేయవద్దు.

జి.పి.ఏ. గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది. ఒకసారి రాయించి పెట్టుకుంటే మనిషి తెలివి తప్పినా అది పనికొస్తుందని అనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తి మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఏజెంటు అధికారం అక్కడితో రద్దవుతుంది. కొన్ని దేశాల్లో తెలివి తప్పిన తర్వాత కూడా చెల్లే పత్రాలకు ప్రత్యేక చట్టాలున్నాయి. మన దగ్గర అలాంటిది లేదు. అంటే జి.పి.ఏ. కాళ్లు కదలని మనిషికి ఆసరా అవుతుందే తప్ప, మనసు పని చేయని మనిషికి కాదు.

అయితే అప్పుడప్పుడు మరచిపోవడం వేరు, మతిస్థిమితం లేకపోవడం వేరు. అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం, మామూలుగా మతిస్థిమితం లేని వ్యక్తి కూడా స్థిరంగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు. మీ అమ్మగారు తన డబ్బు ఎక్కడ ఉందో, దాన్ని ఎవరి చేతికి అప్పగిస్తున్నారో, ఎందుకు అప్పగిస్తున్నారో గ్రహించి తన మాటల్లో చెప్పగలిగితే ఆమె సంతకానికి విలువ ఉంటుంది. ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టరును సంతకం రోజునే ఇంటికి పిలిపించి, ఆమె స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకుని చేస్తున్నారని ధ్రువపత్రం తీసుకోండి. రేపు ఎవరైనా ఆ సంతకాన్ని ప్రశ్నిస్తే మీకు అండగా నిలిచేది ఆ పత్రమే. పత్రంలో ఏముందో ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపించినట్టు కూడా అందులోనే రాయించండి. రిజిస్టరు చేయించాలనుకుంటే ఆమెను కారులో కూర్చోబెట్టి తీసుకువెళ్లే కష్టం అక్కర్లేదు. తగిన కారణం చూపితే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చే వీలు 1908 రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్‌లో ఉంది.

ఆ జి.పి.ఏ.లో బ్యాంకు, పింఛను, వైద్య ఖర్చుల వ్యవహారాలు మాత్రమే ఉండనివ్వండి. ఎలాగూ రాయిస్తున్నాం కదా అని ఇల్లు అమ్మే అధికారం, స్థలం మీద అప్పు తెచ్చే అధికారం అందులో చేర్చమని డాక్యుమెంట్ రైటరు సలహా ఇవ్వవచ్చు, ఒప్పుకోవద్దు. మంచం మీదున్న మనిషి దగ్గర ఆస్తి అధికారం కూడా రాయించుకున్న కొడుకు మాటను, ఆ తర్వాత అతను ఎంత నిజాయితీగా ఉన్నా, తోబుట్టువులు నమ్మరు.

ఇక ఏటీఎం కార్డు. పిన్ నంబరు తల్లీకొడుకుల మధ్య రహస్యం కాదనుకోవడం సహజం, కానీ బ్యాంకు దృష్టిలో కార్డు వాడే హక్కు ఖాతాదారుకే ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పిన్ వంటి వివరాలు ఖాతాదారే ఇతరులకు చెప్పినందువల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు ఫిర్యాదు చేసే వరకు జరిగిన నష్టమంతా ఖాతాదారే భరించాలి. బెంగళూరులో ఒక భార్య తన కార్డు, పిన్ ఇచ్చి భర్తను 25,000 రూపాయలు తెమ్మని పంపింది. యంత్రం నుంచి డబ్బు రాలేదు కానీ ఖాతాలో తగ్గింది. 2013లో జరిగిన ఆ సంఘటనపై 2018లో వినియోగదారుల ఫోరం ఆమెకు వ్యతిరేకంగానే తీర్పు ఇచ్చింది. మీ విషయంలో యంత్రం మొరాయించకపోయినా, తీసిన ప్రతి మొత్తం ఎవరు తీశారన్న ప్రశ్న అక్కగారి నుంచి రానే వచ్చింది.

ఆమెను తీసుకురమ్మన్న బ్యాంకు మాటకు మీరు తలవంచనక్కర్లేదు. 70 ఏళ్లు దాటినవారికి, కదలలేని స్థితిలో ఉన్నట్టు వైద్య ధ్రువీకరణ ఉన్నవారికి, ఇంటి దగ్గరే నగదు అందజేయడం, కేవైసీ (ఖాతాదారు గుర్తింపు) పత్రాలు, బతికే ఉన్నట్టు పింఛనుదారు ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ తీసుకోవడం వంటి సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరు 9న బ్యాంకులను ఆదేశించింది. ఆ తేదీని ఉదహరిస్తూ, డాక్టరు ధ్రువపత్రం నకలు జతచేసి, అమ్మగారి పేరుతోనే మేనేజరుకు అర్జీ రాసి, రెండో ప్రతిపై అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా అడిగితే కౌంటరు దగ్గర కాదన్నది, కాగితం పెట్టాక కాదనడం కష్టం.

చెక్కు మీద సంతకం చేయలేనంత అనారోగ్యంలో ఉన్న పింఛనుదారులకు కూడా రిజర్వు బ్యాంకు దారి చూపింది. విత్‌డ్రాయల్ ఫారం మీద చేతి వేలిముద్ర, అది వీలుకాకపోతే కాలి వేలిముద్ర వేయించవచ్చు. దాన్ని బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి కావాలి. వేలిముద్ర కూడా పడని స్థితిలో ఏదో ఒక గుర్తు పెట్టించినా, సాక్షుల నిబంధన అదే. డబ్బు ఎవరు తీసుకువెళ్లాలో ఆమె తెలియజేయాలి, ఆ వ్యక్తిని సాక్షులు గుర్తించాలి, అతని సంతకం బ్యాంకు తీసుకోవాలి. ఇంత తంతు అవసరమా అని విసుక్కోకండి. దీనివల్ల ఆమెకు ఎంత రక్షణో మీకూ అంతే.

ప్రతి నెలా ఇది సాధ్యం కాదు కాబట్టి నేను ఇచ్చే సలహా ఇది. పింఛను పడే ఖాతాలో భర్త లేదా భార్యను తప్ప ఇతరులను చేర్చడానికి బ్యాంకులు సాధారణంగా అంగీకరించవు. అందుకని అమ్మగారి పేరు మొదటగా, మీ పేరు రెండవదిగా, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా వేరే పొదుపు ఖాతా ఒకటి తెరిచి, ఇంటి ఖర్చుకు, మందులకు, ఆయమ్మ జీతానికి సరిపడే మొత్తం ప్రతి నెలా పింఛను ఖాతా నుంచి అందులోకి మారేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇప్పించండి. అప్పుడు మీరు మీ పేర వచ్చిన కార్డుతోనే డబ్బు తీస్తారు, మిగిలినది పింఛను ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. అక్కగారు ఏం అడిగినా ఒక్క పాస్‌బుక్కు చూపితే చాలు.

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ఇది తప్పితే పింఛను ఆగిపోతుంది. జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతిలో ఫోను కెమెరాతో ముఖం చూపి ఇచ్చే వీలుంది, వయసుతో వేలి గీతలు అరిగిపోయినవారికి ఇదే సులువు. పోస్టుమన్‌ను ఇంటికి పిలిపించి కూడా చేయించవచ్చు. మన ఊళ్లలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు కాబట్టి ఇది కూడా వాళ్లే చూసుకుంటారని కొందరు అనుకుంటున్నారు. ఆ రెండింటికీ సంబంధం లేదు.

అక్కగారు లెక్క అడగడాన్ని అనుమానంగా తీసుకోకండి. ఆమెకు ఈ రోజు ఆ డబ్బు మీద హక్కు లేకపోయినా, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి ఆస్తిలో కొడుకుతో సమానంగా ఆమె వారసురాలు. మీరు ఉమ్మడి ఖాతాదారు అయినా, నామినీ అయినా, అమ్మగారి తదనంతరం ఆ డబ్బు మీ ఒక్కరి సొంతం కాదు. నామినీ బ్యాంకు నుంచి సొమ్ము అందుకుని వారసులకు అప్పగించే మనిషి మాత్రమే. కాబట్టి ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, తీసిన మొత్తం, దేనికి ఖర్చయిందో రాయండి. మందుల షాపు బిల్లులను నెలవారీగా పిన్ను చేయండి, ఆయమ్మకు జీతం ఇచ్చినప్పుడు సంతకం చేయించుకోండి. నెల తిరగ్గానే ఆ పేజీని ఫోటో తీసి, అడగకముందే అక్కగారికి వాట్సాప్‌లో పంపండి. జి.పి.ఏ. రోజున ఆమెను రమ్మని పిలిచి సాక్షి సంతకం పెట్టించగలిగితే మరీ మంచిది.

ఒకవేళ అమ్మగారు పూర్తిగా తెలివి కోల్పోతే పైవాటిలో చాలా భాగం పనికిరాకుండా పోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఆస్తికి సంరక్షకుణ్ణి నియమించే ఏర్పాటు లేదు. అలాంటప్పుడు రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టును ఆశ్రయించి సంరక్షకుడిగా నియమించమని కోరాలి. కోమాలో ఉన్నవారి విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది: వైద్య బోర్డు పరీక్ష, రెవెన్యూ అధికారి ఇంటికి వచ్చి విచారణ, వారసులందరినీ చేర్చడం, ఆరు నెలలకోసారి లెక్కల నివేదిక. ఖర్చూ కాలమూ పట్టే పని ఇది. మహిళగా మీ అమ్మగారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోను చేస్తే చిత్తూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు.

చెప్పడం బాధాకరమే అయినా ఒక విషయం చెప్పాలి. అమ్మగారు కాలం చేసిన క్షణం నుంచి ఆమె కార్డు, జి.పి.ఏ. రెండూ చెల్లవు. కర్మకాండల ఖర్చుకే అయినా ఆ కార్డుతో డబ్బు తీయవద్దు. వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయండి, ఎందుకంటే ఆ తర్వాత పొరపాటున జమ అయిన పింఛనును బ్యాంకు తిరిగి రాబడుతుంది. ఉమ్మడి ఖాతాలో అప్పటికి ఉన్న మొత్తాన్ని మాత్రం మీరు నడపవచ్చు, దాని లెక్క అక్కగారికి చూపి.