గోల్ఫ్ సంసారులకి కుదరదా? మా నాన్న కళ్ళంలో ఆడాడు

ప్రశ్న: గోల్ఫ్ డబ్బున్నవాళ్ళకే గానీ, పెళ్ళాం పిల్లలున్న మామూలు ఉద్యోగికి కుదిరే ఆటేనా?

కుదురుతుంది. మా నాన్న ఫిట్టరు. బతికున్నంత కాలం ఆడాడు. ఇల్లూ చూసుకున్నాడు.

ఇక్కడ నాకంటే ముందు రాసినవాళ్ళు సభ్యత్వం ఎంత, సెట్టు ఎంత, బూట్లు ఎంత అని లెక్కలు కట్టారు. ఆ లెక్క చూస్తే మా నాన్న గోల్ఫ్ బంతిని దూరం నుంచి కూడా చూసి ఉండకూడదు.

మాది ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. మా వైపు తాతల కాలంలో రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళేవారు, నాన్నల కాలంలో టాటా, ఖర్గపూర్ వెళ్ళారు, మా కాలంలో హైదరాబాదు, చెన్నై. టాటా అంటే కారు కాదు, జంషెడ్‌పూర్. శ్రీకాకుళం వాళ్ళెవరూ ఆ ఊరిని పూర్తి పేరుతో పిలవగా నేను వినలేదు. నాన్న పదమూడో ఏట ఎవరో చుట్టాలతో రైలెక్కి అక్కడికి చేరాడు. గోల్మురీలో గోల్ఫ్ కోర్సు ఉంది. ఆఫీసర్ల సంచీ మోసే కేడీ కుర్రాళ్ళలో కలిశాడు. కోర్సుకి సెలవు రోజు కేడీలు ఆడుకోవచ్చు. అలా పట్టుకుంది ఆ పిచ్చి. తర్వాత స్టీలు కర్మాగారంలో ఉద్యోగం వచ్చినా వదల్లేదు. ఒక ఆఫీసరు బదిలీ అయి వెళ్ళిపోతూ ఏడు కర్రలున్న పాత సగం సెట్టు నాన్న చేతిలో పెట్టాడు. వాటికి నాన్న సైకిల్ ట్యూబు కోసి పట్టు చుట్టుకున్నాడు.

రూల్ ప్రకారం పద్నాలుగు కర్రల దాకా సంచీలో పెట్టుకోవచ్చు. నాకు ఊహ తెలిసేసరికి నాన్న దగ్గర రెండే ఉండేవి. బంతిని దూరం కొట్టే ఏడో నంబరు ఐరన్, గుంతలోకి దొర్లించే పటర్. మిగతావి పోయాయనే చెప్పేవాడు. 1998లో అక్క ఇంజనీరింగు ఫీజు కట్టడానికి అమ్మేశాడని చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది. అక్కకి కూడా అప్పుడే తెలిసింది. సంసారం, గోల్ఫ్ రెండూ కుదురుతాయా అని అడిగారు కాబట్టి ఇది రాశాను. ఏడులో ఐదు పోతే కుదిరింది.

రిటైరయ్యాక పల్లెకొచ్చేశాడు. మనకి దగ్గర్లో అసలైన కోర్సు అంటే విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు. ఒకసారి అటుగా కార్లో తీసుకెళ్ళాను. బయటే నిలబడి చూసి, "గడ్డి బావుందిరా, మనూరి పశువులన్నిటికీ సరిపోను" అన్నాడు. లోపలికి వెళ్దామంటే రాలేదు. ఇంటికొచ్చిన మర్నాడు పలుగు పట్టుకుని కళ్ళానికి వెళ్ళాడు.

గోల్ఫ్ గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, 108 మిల్లీమీటర్లు. ఫిట్టరు కదా, వెర్నియర్ కాలిపర్ పట్టుకుని శ్రీకాకుళంలో డబ్బాల షాపులన్నీ తిరిగాడు. ఏదీ సరిపడలేదు. చివరికి 110 ఎంఎం పీవీసీ పైపు ముక్క తెచ్చి పాతాడు. ఆ కొలత పైవైపుది, లోపలి వెడల్పు 108కి కాస్త తక్కువే. "ఫరవాలేదు, ఇక్కడ ప్రాక్టీసు చేసినోడు ఎక్కడైనా ఆడగలడు" అన్నాడు. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి ఉండాలి, దాన్ని గ్రీన్ అంటారు. నూర్పులు అయిపోయాక పేడతో అలికిన కళ్ళం కంటే నున్నగా ఏముంటుంది? మా నాన్న గ్రీన్ పేడ రంగులో ఉండేది.

బంతి మీద చిన్న చిన్న సొట్టలుంటాయి కదా, గాలి అడ్డు తగ్గించేవి అవే. సొట్టల్లేని నున్నటి బంతి అందులో సగం దూరం కూడా పోదు. మా ఊరి పిల్లలు దానికి గుంటల బంతి అని పేరు పెట్టారు. మా వైపు గుంటలంటే పిల్లలు కూడా కాబట్టి, బంతి తమదేనని వాళ్ళ వాదన. పొద్దున్నే పదిమంది వెనకపడేవారు. బంతి మినప చేలో పడితే వెతికిపెట్టేది వాళ్ళే. 2019లో రూల్ మారి, పోయిన బంతిని వెతకడానికి ఐదు నిమిషాల బదులు మూడే ఇస్తున్నారని చెబితే నాన్నకి కోపం వచ్చింది. "వాళ్ళ ఊళ్ళో మినుములు పండవు కాబోలు" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మకి షుగరు. పొద్దున్న ఏడున్నరకి ఇన్సులిన్, తర్వాత టిఫిను. పన్నెండేళ్ళు ఆ ఇంజక్షను నాన్నే చేశాడు. చలికాలం మంచు ఆరున్నరకి గానీ విడదు, అయినా ఏడుంపావుకి ఇంట్లో ఉండేవాడు. అంటే ముప్పావు గంట ఆట. పిచ్చి ఉన్న మనిషికి అది ఎంత తక్కువో మొబైల్ పట్టుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

2014 కనుమ. పెద్ద పండక్కి నేను విజయనగరం నుంచి వెళ్ళి ఉన్నాను. ఏడున్నర అయింది, నాన్న రాలేదు. అమ్మ టిఫిను ముట్టుకోకుండా మంచం మీద కూచుంది. ఏడు నలభై. నాకు టెన్షన్ మొదలైంది. నేను చేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. ఏడు యాభైకి వీధిలో మేకల అరుపులు. ముందు నాన్న, వెనక మేకలు కాసే ముసలాయన, ఆయన వెనక ఇరవై మేకలు. కనుమ కదా, నాన్న మేకని బేరమాడి తెచ్చాడనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుంది. "ఈ ముగ్గురికి మేకెందుకండీ?" అంది.

నాన్న మాట్లాడలేదు. చేతులు కడుక్కుని, సిరంజీలోకి మందు ఎక్కించి, అమ్మకి ఇంజక్షను చేసి, దూది పెట్టి అప్పుడు చెప్పాడు. ఒక్క దెబ్బకి పడింది. 135 గజాలు, ఏడో నంబరు. ఒక్క దెబ్బకి గుంతలో పడడాన్ని హోల్ ఇన్ వన్ అంటారు. మామూలు ఆటగాడికి పన్నెండున్నర వేల దెబ్బలకి ఒకసారి పడొచ్చని లెక్క చెబుతారు. జీవితాంతం ఆడినా పడనివాళ్ళే ఎక్కువ.

స్కోరు కార్డు మీద పక్కవాడు సంతకం పెడితేనే లెక్క. పక్కన ఉన్నది ఈ ముసలాయనొక్కడే. పండగ కదా, పిల్లలు ఇంకా నిద్ర లేవలేదు. కార్డు ఇంట్లో ఉంది, రమ్మంటే ఆయన మేకల్ని వదిలి రానన్నాడు. అందుకని మేకల నడకతో వచ్చారు. ఆ ఇరవై నిమిషాలూ అక్కడ పోయాయి.

అమ్మ విచారణ మొదలెట్టింది. "బాబుగారు చేత్తో వెయ్యలేదు కదా?"

"లేదమ్మా, బావు ఆ గట్టు మీదున్నాడు. నాను కళ్ళం పక్కనే ఉన్నాను. బంతి గడ్డికుప్ప పక్కన పడి, ఎగిరి, కళ్ళంలో దొర్లుకుంటా పోనాది. గొట్టంలోకి ఎలిపోనాది. పాము ఎల్లినట్టు."

రాత్రి బడిలో నేర్చుకున్న సంతకం ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుని పెట్టాడు. నాన్న కార్డు మీద 1 వేసి చుట్టూ గుండ్రం చుట్టాడు. అప్పుడు అమ్మ అంది: "ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. దానికి పెనాల్టీ లేదా?"

ముప్పై ఏళ్ళుగా ఆ మాటలు వింటున్న మనిషి మరి. నేను నవ్వాను. నాన్న నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "రెండు" అన్నాడు. ఒకటి పక్కన +2 వేశాడు, మొత్తం మూడు. 135 గజాల గుంతకి మూడు దెబ్బలంటే పార్, అంటే దానికి పెట్టిన మామూలు లెక్క. రోజూ ఎవడైనా కొట్టేదే. నేను ఎంత వాదించినా దిద్దలేదు.

అయినా ఆనవాయితీ ఉంది. హోల్ ఇన్ వన్ పడితే పడినవాడే క్లబ్బులో అందరికీ మందు పోయించాలి. నాన్న పలాస జీడిపప్పు తెప్పించాడు, అమ్మ పాకం పట్టింది, వీధంతా పంచారు. మొదటి పొట్లం మేకలాయనకి. "మనవడు పుట్టాడా?" అని కొందరు అడిగారు. 135 గజాలు అన్నమాట విని ఇద్దరు ముగ్గురు "సైటు ఎక్కడ? గజం ఎంత పడింది?" అని వచ్చారు. ఒకాయన ఇప్పటికీ నమ్మడు, మేం శ్రీకాకుళంలో స్థలం కొని దాచామనే అనుకుంటాడు.

ఇంకొకటి చెప్పాలి, ప్రశ్నకి సంబంధం లేకపోయినా. విజయనగరంలో ఆటలంటే చాలు విజ్జీ పేరు ఎత్తుతారు. 1936లో ఇంగ్లండులో భారత క్రికెట్ జట్టు కెప్టెన్, నిజమే. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు. రాజకుటుంబం వారు కాబట్టి కెప్టెన్ అయ్యారు. మా ఆమదాలవలస వైపు ఊసవానిపేటలో పుట్టిన, బరువులెత్తే మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్ పతకం పట్టుకొచ్చింది. డబ్బుంటేనే ఆట అనేవాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మా అబ్బాయి చదివే స్కూలుకి ఐదంతస్తులున్నాయి, గ్రౌండు లేదు. ఫీజులో మాత్రం స్పోర్ట్స్ అని ఒక వరస ఉంది.

నాన్న పోయి రెండేళ్ళు. ట్రంకు పెట్టెలో ఇన్సూరెన్స్ కాగితాల మధ్య ఆ కార్డు దొరికింది. 1 చుట్టూ గుండ్రం, పక్కన +2, కింద మేకలాయన సంతకం. అమ్మ ఇప్పుడు విజయనగరంలో నా దగ్గరే ఉంది. ఇంజక్షను నేనే చేస్తున్నాను. ఏడున్నర దాటితే గడియారం వంక చూస్తుంది, ఏమీ అనదు.

ఏడో నంబరు మా ఇంట్లో తలుపు వెనక ఉంది. మేడ మీద వడియాలు ఎండబెట్టినప్పుడు అమ్మ దాంతో కోతుల్ని అదిలిస్తోంది. కొంటామని ఎవరూ మెసేజ్ పెట్టకండి.