గైడ్‌ను ఎంచుకోవడానికి సైటేషన్ల లెక్క చాలునా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.టెక్. పూర్తి చేసి సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో పిహెచ్.డి. చేయాలనుకుంటోంది. ఇద్దరు ఆచార్యుల పేర్లు మా దృష్టికి వచ్చాయి. పరిశోధన పేపర్లను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో చూస్తే ఒకరివి నూటికి పైగా పేపర్లు, హెచ్-ఇండెక్స్ 28. మరొకరివి ముప్పై పేపర్లే, హెచ్-ఇండెక్స్ 14. మొత్తం సైటేషన్లు మాత్రం ఇద్దరికీ దాదాపు సమానంగా ఉన్నాయి. బ్యాంకులో పనిచేసి రిటైరైన వాడిని గనుక అంకెలంటే భయం లేదు కానీ, ఈ అంకెలు ఏం చెబుతున్నాయో అర్థం కావడం లేదు. అమ్మాయిని ఎవరి దగ్గర చేరమనాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీకు అంకెలంటే భయం లేదన్నారు గనుక లెక్కతోనే మొదలుపెడదాం. ఒకరి పేపర్‌ను మరొకరు తమ పేపర్‌లో ఆధారంగానో, విమర్శించడానికో పేర్కొంటే అది ఒక సైటేషన్. హెచ్-ఇండెక్స్ అనే కొలతను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఇండెక్స్ 14 అంటే ఆ పరిశోధకుడి పేపర్లలో పద్నాలుగింటికి ఒక్కొక్కదానికి కనీసం 14 సైటేషన్లు ఉన్నాయని, పదిహేనింటికి పదిహేనేసి మాత్రం లేవని అర్థం. ఆ పద్నాలుగింటిలో ఒకదానికి ఇరవై సైటేషన్లు వచ్చినా, రెండు వేలు వచ్చినా ఇండెక్స్ పద్నాలుగు దగ్గరే ఉంటుంది. రాసిన పేపర్ల సంఖ్యను మించి అది పెరగదు కాబట్టి, తక్కువ రాసేవారికి దాని గరిష్ఠ పరిమితి ముందే ఖరారై ఉంటుంది. మొత్తం సైటేషన్లు సమానంగా ఉండి, ఇండెక్స్‌లో ఇంత తేడా ఉందంటే, మీరు చెప్పిన రెండో ఆచార్యుల సైటేషన్లలో పెద్ద వాటా కొద్ది పేపర్లకే వచ్చిందన్నమాట. ఆయన ఎక్కువ వారనడానికి గాని, తక్కువ వారనడానికి గాని ఇది నిదర్శనం కాదు. ముందుగా ఏ పేపర్లు తెరిచి చూడాలో మాత్రం మీకు తెలిసింది.

కొద్ది పేపర్లకే పేరు రావడం ఈ రంగంలో వింత కాదు. డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1972 డిసెంబరులో, కంప్యూటర్ నిపుణుల సంస్థ ఏసీఎం మాసపత్రికలో ఆరు పేజీల పేపర్ ఒకటి ప్రచురించారు. వాక్యాల సూచీని తయారుచేసే ఒక చిన్న ప్రోగ్రామును తీసుకుని, దాన్ని భాగాలుగా విడదీసే రెండు పద్ధతులను ఆయన పక్కపక్కన పెట్టి చూపారు. పని జరిగే వరుసను బట్టి విడదీయడం మొదటిది. మున్ముందు మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో భాగం లోపల దాచిపెట్టడం రెండోది. ఇలా చేస్తే ఆ నిర్ణయం మారిన రోజున ఆ ఒక్క భాగాన్ని సరిచేసుకుంటే సరిపోతుంది. మన ఇంజినీరింగ్ విద్యార్థులు ఇన్ఫర్మేషన్ హైడింగ్ పేరుతో చదువుకునేది ఈ సంగతే. ఆ పేపర్‌కు వేల సైటేషన్లు ఉన్నాయి. అయినా ఆ భావన పాఠ్యపుస్తకాల్లో కలిసిపోయాక దాన్ని రోజూ వాడుకునేవారిలో చాలామంది ఆ పేపర్‌ను పేర్కొనడం మానేశారు. ఇదే పార్నాస్ 2007లో, అదే పత్రికలో, పేపర్లను లెక్కపెట్టి పరిశోధకులను తూచే ఆటను ఆపమంటూ ఒక వ్యాసం రాశారు. లెక్కే ప్రధానమైతే పైపై పరిశోధన, చెప్పిందే మళ్లీ చెప్పడం, అరకొర ఆలోచనలను అచ్చు వేయించడం పెరుగుతాయని, మదింపు చేసేవారు పేపర్లను చదవక తప్పదని ఆయన వాదన. తనకు సైటేషన్లు రాక అక్కసుతో రాశారని ఆయనను ఎవరూ అనలేరు.

సైటేషన్ ఎందుకు వచ్చిందన్నది ఆ అంకెలో కనిపించదు. బార్బరా కిచెన్‌హామ్, స్టువర్ట్ చార్టర్స్ అనే పరిశోధకులు 2007లో వెలువరించిన మార్గదర్శకాలను చూడండి. ఒక అంశంపై అంతవరకు వచ్చిన పరిశోధనలను క్రమపద్ధతిలో వెతికి, ఏరి, సమీక్షించడం ఎలాగో అందులో ఉంది. అది జర్నల్ పేపర్ కాదు, సదస్సు పేపరూ కాదు. కీల్, డరం విశ్వవిద్యాలయాల సాంకేతిక నివేదిక. కానీ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో అలాంటి సమీక్ష చేసే ప్రతివారూ తాము ఏ పద్ధతిని పాటించారో చెప్పాలి గనుక, దాని సైటేషన్లు వేలకు వేలుగా పెరిగాయి. అది అర్హమైన గౌరవమే. అయితే ఒక కొత్త విషయాన్ని కనుగొన్న పేపర్‌కు వచ్చే సైటేషన్, పద్ధతిని చెప్పిన నివేదికకు వచ్చే సైటేషన్ ఒకే తక్కెడలో తూగవు.

తప్పు పట్టడానికి పేర్కొన్నా అది సైటేషనే. ప్రోగ్రామింగ్ భాషకూ, కోడ్‌లో దొర్లే లోపాలకూ సంబంధం ఉందా అన్న ప్రశ్నపై ప్రోగ్రాముల కోడ్‌ను పంచుకునే గిట్‌హబ్ సైట్‌లోని 729 ప్రాజెక్టులను, 17 భాషలను పరిశీలించిన పేపర్ ఒకటి 2014లో ఎఫ్‌ఎస్‌ఈ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సులో వచ్చి, విస్తృతంగా చర్చకు వచ్చింది. మరో బృందం ఆ విశ్లేషణను మొదటి నుంచి తిరిగి చేసి 2019లో ప్రచురించింది. లోపాలతో సంబంధం ఉన్నట్టు తేలిన భాషల సంఖ్య 11 నుంచి 4కు పడిపోయిందని, మిగిలిన ఆ సంబంధం కూడా చాలా స్వల్పమని వారు తేల్చారు. మూల రచయితలు దానికి సమాధానం రాశారు. ఈ వాదోపవాదాల్లో మూల పేపర్‌ను ఎన్నిసార్లు పేర్కొంటే దాని లెక్క అంత పెరుగుతుంది. గూగుల్ స్కాలర్‌కు మెచ్చుకోలూ, తగవూ ఒకటే.

దీనికి తలకిందుల సందర్భమూ ఉంది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి చేపట్టిన స్లామ్ ప్రాజెక్టు, విండోస్‌కు పరికరాలను కలిపే డ్రైవర్ ప్రోగ్రాముల్లోని తప్పులను, వాటిని నడపకుండానే పట్టుకునే సాధనంగా ఎదిగి, డ్రైవర్లు రాసేవారి చేతికి చేరింది. దాని పేపర్లకు మంచి సైటేషన్లే వచ్చాయి. కానీ ఆ సాధనంతో తన డ్రైవర్‌ను సరిచేసుకున్న ఇంజినీరు పేపర్ రాయడు కాబట్టి, సైటేషనూ ఇవ్వడు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పుట్టిందే అలాంటి ఇంజినీరు కోసం గనుక, ఈ లోటు మిగతా శాస్త్రాల్లో కంటే ఇక్కడే ఎక్కువగా కనిపిస్తుంది.

మీ అమ్మాయి విషయానికి వస్తే, ఆ ఇద్దరు ఆచార్యుల పేజీల్లో గత అయిదేళ్లలో వచ్చిన పేపర్లను విడిగా తీయండి. ఈ రంగంలో సాధారణంగా ఆ పేపర్‌పై ఎక్కువ పని చేసిన విద్యార్థి పేరు మొదట, గైడ్ పేరు చివర ఉంటుంది కాబట్టి, మొదటి పేర్లు ఎవరివో రాసుకోండి. ఆ విద్యార్థులు ఎన్నేళ్లలో పట్టా పొందారు, తర్వాత ఎక్కడ స్థిరపడ్డారు అన్నది వెతికితే సాధారణంగా దొరుకుతుంది. ఒకే ఏడాదిలో ఒకే రకం శీర్షికలతో పది పేపర్లు కనిపిస్తే కొంత ఆగి ఆలోచించండి. ఒక్కొక్కరివి రెండేసి పేపర్లను అమ్మాయినే పూర్తిగా చదవమనండి. తాను కూడా ఇలాంటి పని చేయాలనిపించిందా లేదా అన్నది ఆమెకే తెలుస్తుంది. నన్ను ఒక పేరు చెప్పమంటే చెప్పలేను కానీ, 28 పెద్దది, 14 చిన్నది అన్న లెక్కతో మాత్రం నిర్ణయించవద్దు.

ప్రశ్న: మా కళాశాలలో పదోన్నతికి జర్నల్ పేపర్లనే లెక్కిస్తారు. సదస్సు పేపర్లకు విలువ లేదంటారు. ఈ రంగంలో పేరున్న పరిశోధకుల జాబితాల్లో మాత్రం సగానికి పైగా సదస్సులే కనిపిస్తాయి. ఏది సరైనది?
– ఒక అధ్యాపకురాలు, కాకినాడ

జవాబు: కంప్యూటర్ రంగపు ఆనవాయితీ వేరు. వైద్యంలోనో, రసాయన శాస్త్రంలోనో సదస్సుకు సంక్షిప్త సారం పంపితే చాలు. ఇక్కడ పూర్తి పేపర్ పంపాలి, ఆ రంగం తెలిసినవారు దాన్ని సమీక్షిస్తారు, వచ్చినవాటిలో ఎక్కువ భాగాన్ని తిరస్కరిస్తారు. 1975లో మొదలైన ఐసీఎస్‌ఈ అనే అంతర్జాతీయ సదస్సు సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో అగ్రస్థానంలో ఉంది. దాని 36వ సదస్సు 2014లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. పదేళ్ల కిందట ఐసీఎస్‌ఈలో వచ్చిన పేపర్లలో అత్యధిక ప్రభావం చూపినదానికి ఆ సదస్సువారు ఏటా పురస్కారం ఇస్తారు. పదేళ్లు ఆగి తీర్పు చెప్పడం నాకు ఏ ఇండెక్స్ కంటే నమ్మదగినదిగా తోస్తుంది. అయితే సదస్సు అన్న పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. రుసుము చెల్లిస్తే ఏదైనా అచ్చు వేసేవి సదస్సుల్లోనూ ఉన్నాయి, జర్నళ్లలోనూ ఉన్నాయి.

నియమం మార్చడం మీ చేతిలో లేదు కాబట్టి, మార్క్ వైజర్ అనే పరిశోధకుడు నడిచిన దారి మీకూ పనికివస్తుంది. ప్రోగ్రాములో ఒక విలువను ప్రభావితం చేసే వాక్యాలను మాత్రమే వేరుచేసి చూసే ప్రోగ్రామ్ స్లైసింగ్ అనే భావనను ఆయన 1981లో ఐసీఎస్‌ఈలో ప్రకటించి, 1984లో అదే శీర్షికతో ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ వారి సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ జర్నల్‌లో ప్రచురించారు. ముందు మంచి సదస్సులో ప్రకటించి, ఆ తర్వాత చెప్పుకోదగ్గ కొత్త విషయం చేర్చి, సదస్సు పేపర్‌ను స్పష్టంగా పేర్కొంటూ జర్నల్‌కు పంపడం నేటికీ ఆమోదయోగ్యమైన పద్ధతే.

ప్రశ్న: ఒకే పరిశోధకుడికి ఒక్కో వెబ్‌సైట్ ఒక్కో సైటేషన్ సంఖ్య చూపిస్తుంది. దేన్ని నమ్మాలి?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఎవరు దేన్ని లెక్కలోకి తీసుకుంటారన్న దాన్ని బట్టే ఈ తేడా. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలు, నివేదికలు, ఇంకా ప్రచురణ కాని ముసాయిదాలతో సహా వెబ్‌లో దొరికినవన్నీ ఏరుతుంది కాబట్టి, దాని సంఖ్య సాధారణంగా అన్నిటికంటే పెద్దదిగా ఉంటుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే సూచీలు తాము ఎంచుకున్న ప్రచురణలనే లెక్కిస్తాయి. ఇద్దరిని పోల్చేటప్పుడు ఇద్దరికీ ఒకే చోటి సంఖ్యలు తీసుకోండి. పేపర్ల జాబితా వరకైతే, 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో మొదలైన, కంప్యూటర్ రంగపు పేపర్ల జాబితా డీబీఎల్‌పీ ఎక్కువ శుభ్రంగా ఉంటుంది.

మన పేర్లతో ఒక చిక్కుంది. ఇంటిపేరును ఒక చోట పొడి అక్షరంగా ముందు, మరో చోట పూర్తిగా చివర రాస్తాం; దాంతో ఒకే మనిషి పేపర్లు రెండు పేర్ల కింద చీలిపోతాయి, లేదా కె. శ్రీనివాస్ పేరు గల పదిమంది పేపర్లు ఒక్కరి ఖాతాలో పడతాయి. ఎవరి సంఖ్య చూసినా ముందు ఆ జాబితాలోని శీర్షికలు ఒకే మనిషివేనా అని పైనుంచి కిందికి ఒకసారి చూడండి. మీ సొంత పేపర్ల విషయంలో, మొదటిది పంపేలోపే పేరు ఎలా రాయాలో తేల్చుకుని, ఉచితంగా ఇచ్చే ఆర్కిడ్ గుర్తింపు సంఖ్యను తీసుకోండి.